శుభలేఖపై సన్నగీతల చేతిరాత ఫాంటు: ఎంపిక నుంచి అచ్చు దాకా

శుభలేఖలో వధూవరుల పేర్లను ఇంగ్లీషులో, వంపులు తిరిగిన సన్నని చేతిరాత ఫాంటులో వేయించుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. కంప్యూటర్ తెర మీద ఆ పేరు మల్లెతీగలా అల్లుకుని కనిపిస్తుంది. వెయ్యి కార్డులు అచ్చయి ఇంటికి వచ్చాక చూస్తే మాత్రం తీగ అక్కడక్కడ తెగిపోయి ఉంటుంది, లేదా పేరు అందంగానే ఉన్నా అది ఎవరి పేరో ఇంట్లో పెద్దవాళ్లకు అంతుపట్టదు. తప్పు ఫాంటుది కాదు. ఈ తరహా ఫాంటుకు ప్రాణమంతా దాని అతి సన్నని గీతలో ఉంటుంది కాబట్టి, ఎంత పెద్దదిగా వేయాలి, ఏ కాగితం మీద వేయాలి, ఏ రంగులో వేయాలి అనే ప్రతి నిర్ణయం ఆ గీతను దృష్టిలో పెట్టుకునే తీసుకోవాలి. ఆ పని వరుసగా ఎలా చేయాలో కింద వివరిస్తున్నాను.

ముందు ఆ రాత స్వభావం తెలుసుకోండి

ఈ ఫాంట్ల మూలం సిరాలో ముంచి రాసే కొన పాళీ. పాళీని కిందికి లాగుతూ నొక్కితే దాని చీలిక విచ్చుకుని గీత లావవుతుంది. పైకి వెళ్లేటప్పుడు ఒత్తిడి తీసేస్తే వెంట్రుకంత గీత పడుతుంది. కిందికి లావు, పైకి సన్నం అనే ఈ ఒక్క నియమం మీదే ఆ సొగసంతా నిలబడి ఉంది. ఆపిల్ కంప్యూటర్లలో కనిపించే స్నెల్ రౌండ్‌హ్యాండ్ ఫాంటును మాథ్యూ కార్టర్ 1966లో రూపొందించారు. దానికి ఆధారం మూడు శతాబ్దాల కిందటి ఇంగ్లండు రాత గురువు చార్లెస్ స్నెల్ అక్షరాలు. హెర్మన్ జాఫ్ చేతిరాత నుంచి 1998లో వచ్చిన జాఫీనోలో ఒకే అక్షరానికి అనేక రూపాలు ఉంటాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే గ్రేట్ వైబ్స్, అలెక్స్ బ్రష్, అల్లూరా, పిన్యన్ స్క్రిప్ట్ కూడా ఈ కుటుంబానికి దగ్గరివే. మన ఊళ్లలో అచ్చయ్యే కార్డుల మీద ఎక్కువగా నా కంటబడేది గ్రేట్ వైబ్స్.

మన లిపి తీరు వేరు. తాటాకు మీద ఇనుప గంటంతో గీసిన గీతకు లావూ సన్నమూ ఉండవు, మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం. అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా నిలబడతాయి. కలిపి రాసే అలవాటు మనకు లేదని కాదు, కరణాల పాత లెక్కల్లోని గొలుసుకట్టు రాత అలాంటిదే. అయితే అది వేగం కోసం పుట్టింది, చదవడానికి మళ్లీ కరణమే రావాలి. అందుకే ఇంగ్లీషు సన్నగీతల ఫాంటుకు అచ్చంగా సరిపడే తెలుగు జోడీ కోసం వెతకడం వృథా శ్రమ. రెండు లిపులనూ ఒకే వేషంలోకి దించకుండా పక్కపక్కన ఎలా కూర్చోబెట్టాలో తర్వాత చెబుతాను.

ఫాంటు పేరును కాదు, మీ పేర్లను చూసి ఎంచుకోండి

ఫాంటు నమూనాలో కనిపించే మాటలు ఆ ఫాంటు అందం చూపడానికి ఏరి పెట్టినవి. మీకు కావలసింది మీ ఇంటి పేర్లు. కాబట్టి నాలుగైదు ఫాంట్లు తీసుకుని, వధూవరుల పేర్లను మాత్రమే వాటిలో కొట్టి, ఒకే కాగితం మీద ప్రింటు తీయండి. అప్పుడు ముందుగా చూడవలసింది పెద్దక్షరాలను. ఈ ఫాంట్లలో ఎస్, ఎల్, జీ ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. ఐ, జే కవల పిల్లలు. టీ, ఎఫ్ తేడా కొన్నిటిలో ఒక చిన్న అడ్డగీత మాత్రమే. శిరీష అనే పేరు లిరీషగా, ఇందిర జందిరగా మారడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. మా బంధువుల ఇంట్లో ఒక పెళ్లికి కార్డు కూర్చింది నేనే. తెర మీద నాకు ఎస్ స్పష్టంగా కనిపించింది, ఎందుకంటే పేరు నాకు ముందే తెలుసు. కార్డు అందుకున్న ఒక పెద్దాయన ఫోన్ చేసి, 'పెళ్లికూతురు మారిందా అమ్మాయ్?' అని అడిగేదాకా నా తప్పు నాకు తెలియలేదు. అప్పటి నుంచి ఆ ప్రింటు కాగితాన్ని పేర్లు తెలియని మనిషి చేతికి ఇచ్చి పైకి చదవమంటున్నాను. తడబడిన ఫాంటును ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

ఇక ఇనిషియల్స్ సంగతి. మన పేర్ల ముందు ఇంటిపేరు మొదటి అక్షరం, కొన్నిసార్లు మూడు నాలుగు అక్షరాలు వరుసగా ఉంటాయి. ఈ ఫాంట్లలో పెద్దక్షరం ఒక్కటే వచ్చి, దాని వెనక చిన్నక్షరాలు నడవాలన్నది రాతలోనే ఉన్న ఏర్పాటు. కే.వీ.ఎస్.ఆర్. అని నాలుగు పెద్దక్షరాలు పక్కపక్కన పెడితే నాలుగు వంపులూ ఒకదాని మీద ఒకటి పడి, పురి విప్పిన దారపు ఉండలా తయారవుతుంది. ఇనిషియల్స్‌ను సాదా ఫాంటులో, చిన్నగా, పేరుకు పైన లేదా కింద విడి వరుసలో వేయండి. లేదా ఇంటిపేరును పూర్తిగా రాయండి. ఇదే కారణంతో పూర్తి మాటను పెద్దక్షరాల్లో ఎప్పుడూ కొట్టవద్దు.

లైసెన్సును కూడా ఈ దశలోనే చూసుకోండి. పైన చెప్పిన నాలుగు గూగుల్ ఫాంట్లూ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి డబ్బు తీసుకుని చేసే పనికి కూడా వాడుకోవచ్చు. ఊరికే దొరికిన ఫాంటు పక్కన 'పర్సనల్ యూజ్' అని ఉంటే అది మీ సొంత వాడకానికి మాత్రమే. కార్డుల వ్యాపారం చేసేవారు దాన్ని కొని తీరాలి.

సన్నగీతను కొలవండి

ఈ మెట్టును దాదాపు అందరూ దాటేస్తారు, నష్టమంతా ఇక్కడే జరుగుతుంది. ఎంచుకున్న ఫాంటులో పేరును 100 పాయింట్ల పరిమాణంలో కొట్టి, కర్వ్స్‌లోకి (అక్షరాలను గీతల బొమ్మగా) మార్చి, బాగా జూమ్ చేసి, రెండు అక్షరాలను కలిపే గీతల్లో అన్నిటికంటే సన్నగా ఉన్న చోటును కొలవండి. అది 1 పాయింటు ఉందనుకుందాం. అంటే ఈ ఫాంటులో సన్నగీత అక్షర పరిమాణంలో నూరో వంతు. ఒక పాయింటు అంగుళంలో 72వ వంతు, సుమారు 0.35 మిల్లీమీటరు. ఇదే ఫాంటును 12 పాయింట్లలో వేస్తే సన్నగీత 0.12 పాయింటుకు, అంటే 0.04 మిల్లీమీటరుకు పడిపోతుంది. అంత గీత తెర మీద కనిపించవచ్చు, కాగితం మీద నిలవదు.

ఆఫ్‌సెట్ (ప్రెస్సుల్లో మామూలుగా వాడే ప్లేటు) అచ్చులో నమ్మకంగా నిలిచే గీత సాధారణంగా 0.25 పాయింటు నుంచి మొదలవుతుంది. ముదురు రంగు మీద తెల్ల అక్షరం వదిలేటప్పుడు చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకుతుంది కాబట్టి 0.5 పాయింటు ఉండాలి. స్క్రీన్ ప్రింటింగ్‌కూ బంగారు ఫాయిల్‌కూ (వేడితో అంటించే మెరుపు రేకు) కూడా కనీసం 0.5 పాయింటు అడగండి. కొన్ని ప్రెస్సులు ఇంకా ఎక్కువే అడుగుతాయి, వారి మాటే లెక్క. ఇప్పుడు లెక్క తేలికే. నూరో వంతు సన్నగీత ఉన్న ఫాంటును తెల్ల కాగితం మీద ఆఫ్‌సెట్‌లో వేయాలంటే అక్షరం 25 పాయింట్లకు తగ్గకూడదు, ఫాయిల్‌లో వేయాలంటే 50 పాయింట్లకు తగ్గకూడదు.

50 పాయింట్లు అనగానే మరో చిక్కు వస్తుంది. వెంకట సత్యనారాయణ అనే పేరును ఇంగ్లీషులో రాస్తే ఇరవై అక్షరాలవుతుంది, 5 అంగుళాల వెడల్పు కార్డులో అది ఒక వరుసలో పట్టదు. పట్టించడానికి పేరును పక్కల నుంచి నొక్కడం చాలా చోట్ల చూస్తాను. నొక్కితే నిలువు గీతలు సన్నబడి, వాలు మారి, రాత రాతలా ఉండదు. నొక్కవద్దు, రెండు వరుసలుగా విరవండి. రెండో వరుసను కొంచెం కుడికి జరిపితే చేత్తో రాసినట్టే ఉంటుంది. అప్పటికీ స్థలం చాలకపోతే సన్నగీత కొంచెం లావుగా ఉన్న మరో ఫాంటుకు మారండి.

కూర్చేటప్పుడు

అక్షరాల మధ్య ఎడాన్ని సున్నా దగ్గరే ఉంచండి. ఒక అక్షరం తోక తర్వాతి అక్షరం ఒంట్లోకి సరిగ్గా దిగేలా ఫాంటు తయారుచేసినవారు కొలిచి పెట్టారు; ఎడం పెంచిన మరుక్షణం గొలుసు తెగి, ప్రతి అక్షరం చివర చిన్న ముల్లులా గీత మిగులుతుంది. ఫాంటుకు బోల్డ్ రూపం లేనప్పుడు సాఫ్ట్‌వేర్‌లో బోల్డ్ నొక్కవద్దు. అది లావును, సన్నాన్ని ఒకే కొలతతో పెంచి పాళీ గుణాన్ని చెరిపేస్తుంది. పెద్దక్షరం తర్వాత మాత్రం ఒక్కోసారి చేత్తో సర్దక తప్పదు.

చాలా ఫాంట్లలో ఓపెన్‌టైప్ సదుపాయాలు ఉంటాయి. వాటిని తెరిస్తే మాట చివరి అక్షరానికి పొడవైన తోక, మొదటి అక్షరానికి అదనపు వంపు దొరుకుతాయి. ఒక పేరుకు ఒక వంపు చాలు. రెండు పేర్లకూ అటూ ఇటూ తోకలు పెడితే చూపు పేరు మీద ఆగదు.

ఒక చిన్న వంపు ఎంత పని చేయగలదో చెబుతాను. తెలుగు వరుసలో వరుడి పేరు ముందు 'చి.' అని వేసి, దాని కింద ఇంగ్లీషు పేరును పెద్దదిగా పెట్టారు. ఆ ఇంగ్లీషు పేరు మొదటి అక్షరం పైవంపు లేచి వచ్చి సరిగ్గా చకారం అడుగున తగిలింది. చకారం అడుగున నిలువు గీత పడితే అది ఛకారమే కదా! చిరంజీవిని దీవించవలసిన కార్డు ఛీ కొట్టినట్టయింది. ప్రూఫులో, అంటే ముందుగా తీసిన నమూనా అచ్చులో, పట్టుకున్నాం కాబట్టి నవ్వుకున్నాం. తెలుగు అక్షరాల కింద వత్తులూ, పైన గుడులూ ఉంటాయి. ఇంగ్లీషు చేతిరాతకు పైకీ కిందికీ పొడవైన గీతలు ఉంటాయి. రెండు వరుసల మధ్య మామూలుగా వదిలే ఎడానికి ఒకటిన్నర రెట్లు వదిలి, ఆ తర్వాత తగ్గించుకుంటూ రండి.

తెలుగు మేటర్ పక్కన ఎలా పెట్టాలి

ఈ ఇంగ్లీషు ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఉండవు. మొత్తం మేటర్‌ను ఎంపిక చేసి గ్రేట్ వైబ్స్ అంటే, తెలుగు భాగానికి కంప్యూటర్ తనకు తోచిన వేరే ఫాంటును, విండోస్ అయితే బహుశా గౌతమినో నిర్మలానో, తెచ్చి పెడుతుంది. తెలుగుకు మీరే విడిగా ఫాంటు ఇవ్వండి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత యూనికోడ్ ఫాంట్లలో మండలి వంటి సాదా పాఠ్య ఫాంటు సన్నగీతల ఇంగ్లీషు పేరు పక్కన బాగా కుదురుతుంది, ఎందుకంటే అది పోటీకి రాదు. అకారం నుంచి క్షకారం దాకా అన్నీ సుడులు తిరిగిన అలంకార ఫాంటును పక్కన పెడితే ఒకే అరుగు మీద ఇద్దరు నర్తకులు ఎదురెదురు ఆడినట్టు ఉంటుంది.

తెలుగు పేర్లు కూడా నాజూకుగానే ఉండాలని పట్టుబడితే నా సలహా ఫాంటు కాదు, చేతిరాత. బాపు రాత ఫాంటుగా మారి ఇన్నేళ్లయినా ఇంకా మనసుకు దగ్గరగా ఉండటానికి కారణం అది ఒక చేతి నుంచి వచ్చింది కావడమే. రాత తెలిసినవారి చేత తెల్లని నున్నటి కాగితం మీద నల్ల సిరాతో పేర్లు రాయించి, 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేసి, వెక్టర్‌గా (ఎంత పెంచినా చెదరని గీతల బొమ్మగా) ట్రేస్ చేయించండి. హైదరాబాదు ఛత్తా బజార్‌లో శుభలేఖల ప్రెస్సుల పక్కనే ఉర్దూ ఖుష్‌నవీసులు (అందమైన చేతిరాత రాసేవారు) కూర్చుని పేర్లు రాసే సంప్రదాయం ఉంది; తెలుగులో ఆ పని చేయగలవారు మీ ఊళ్లో సైన్‌బోర్డులు రాసిన పాతతరం చిత్రకారుల్లో దొరకవచ్చు.

ఫాంటునే వాడేటట్టయితే నాజూకు తెలుగు ఫాంటుకు రెండు మాటలతో పరీక్ష పెట్టండి: 'జ్యేష్ఠ', 'సుముహూర్తం'. మొదటి మాటలో వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉండాలి, రెండో మాటలో ముకారం, హూకారం విడివిడిగా చదవడానికి రావాలి. ద, ధ, థ పక్కపక్కన కొట్టి, అచ్చు వేసే పరిమాణంలోనే ప్రింటు తీసి చూడండి. వాటి మధ్య తేడా చిన్న గీత, చుక్క మాత్రమే కాబట్టి సన్నని ఫాంట్లలో అవే ముందు మాయమవుతాయి. ఇన్‌డిజైన్ అనే పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లో పని చేసేవారు అందులోని వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కకు వచ్చి కూర్చుంటాయి, అది ఫాంటు లోపం కాదు.

ఈ ఫాంటు వేయకూడని చోట్లు

ముహూర్తం తేదీ, సమయం, కల్యాణ మండపం చిరునామా, ఫోన్ నంబర్లు, తల్లిదండ్రుల పేర్లు సాదా ఫాంటులోనే ఉండాలి. చేతిరాత అంకెల్లో ఒకటీ ఏడూ కలిసిపోతాయి. ముహూర్తం విషయంలో ఆ సరదా ఎవరికీ వద్దు. మొత్తం ఆహ్వాన పాఠాన్ని చేతిరాతలో వేసిన కార్డులు నేను చాలా చూశాను, చివరిదాకా చదివినవారిని మాత్రం చూడలేదు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీ మీద సన్నగీత అసలు కనిపించదు.

వేదిక వెనక పెట్టే పేర్ల పలక సంగతి వేరు. థర్మాకోల్‌లోనో యాక్రిలిక్‌లోనో కోయించేటప్పుడు కలిపిరాతకు ఒక లాభం ఉంది: పేరంతా ఒకే ముక్కగా వస్తుంది, విడి అక్షరాలను వరుస తప్పకుండా అంటించే బాధ ఉండదు. కానీ కలిపే గీత సన్నగా ఉంటే మోసుకొచ్చేటప్పుడే విరుగుతుంది. కోతకు ఇచ్చే ముందు అక్షరాల చుట్టూ కాంటూర్ ఇచ్చి గీతను మందం చేయించండి, ఎంత మందం కావాలో కోసేవారినే అడగండి.

కాగితం, రంగు, ఫైలు

నున్నటి కోటింగ్ ఉన్న ఆర్ట్ కార్డు మీద సన్నగీత గీసినట్టు నిలుస్తుంది. గరుకు చేతికాగితం మీద గీత ప్రతి గుంటలోనూ తెగుతుంది. కోటింగ్ లేని మెత్తని కాగితం మీద సిరా పీల్చుకుని గీత ఉబ్బుతుంది. గరుకు కాగితమే కావాలనుకుంటే పరిమాణం పెంచక తప్పదు.

రంగు విషయంలో ఒకే సూత్రం: సన్నగీత ఒకే సిరాతో, నిండుగా పడాలి. నాలుగు రంగులు కలిసి వచ్చే మెరూన్ రంగులో వేస్తే, రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడటం) వెంట్రుక వాసి తప్పినా గీత పక్కన గులాబీ నీడ కనిపిస్తుంది. లేత బూడిద రంగు అందంగా ఉంటుందని అడుగుతారు. అచ్చులో లేత రంగు అంటే చుక్కల జల్లెడే, దాని మీద సన్నగీత చుక్కల వరుసగా విడిపోతుంది. నిండు నలుపు గానీ, ముందే కలిపిన స్పాట్ కలర్ గానీ అడగండి.

ప్రెస్సుకు పంపే ముందు పేర్లను కర్వ్స్‌లోకి మార్చండి, లేకపోతే వారి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేక మరో ఫాంటు వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ కోరల్ డ్రా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. కర్వ్స్ చేసిన అక్షరాలను ఒక్కటిగా చేయడానికి 'కంబైన్' నొక్కుతారు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన ప్రతి చోటా తెల్లని గింజలాంటి కన్నం పడుతుంది. మామూలు జూమ్‌లో అది కనిపించదు, ఫాయిల్ బ్లాకు తయారయ్యాక మాత్రం బంగారంలో రంధ్రాలుగా తేలుతుంది. నొక్కవలసింది 'వెల్డ్'. ఆ తర్వాత వైర్‌ఫ్రేమ్ (అంచు గీతలు మాత్రమే కనిపించే) చూపులో పేరును మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నడిచి చూడండి.

వాట్సాప్‌లో పంపే కార్డును అచ్చు ఫైలు నుంచి చిన్నది చేసి పంపవద్దు, విడిగా కూర్చండి. 1080 పిక్సెళ్ల వెడల్పు బొమ్మలో గీత కనీసం 2 పిక్సెళ్లు ఉండాలంటే, నూరో వంతు సన్నగీత ఉన్న ఫాంటును 200 పిక్సెళ్ల పరిమాణంలో వేయాలి. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి గీత చుట్టూ మసక తెస్తుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపండి.

ప్రూఫు

తెర మీద ప్రూఫు చూసి సరే అనవద్దు. అచ్చు వేయబోయే కాగితం మీదే, అసలు పరిమాణంలో ఒక కాపీ అడగండి; ఫాయిల్ అయితే ఒక్క కార్డైనా కొట్టి చూపమనండి. దాన్ని సాయంత్రం ఇంటి దీపం వెలుతురులో, ఇంట్లో అందరికంటే పెద్దవారి చేతికి ఇచ్చి, కళ్లద్దాలతో ఒకసారి, లేకుండా ఒకసారి చదివించండి. తర్వాత మీరు భూతద్దం పెట్టి కలిపే గీతలను చూడండి.

నాలుగు మూలల సంగతి కూడా ప్రూఫులోనే తేల్చుకోవాలి. కార్డులు ఇంటికి వచ్చాక మూలలకు పసుపు రాస్తాం కదా. పేరు చివరి తోక మూల దాకా సాగి ఉంటే పసుపు దాని మీదే పడుతుంది. ప్రతి మూలా ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండేలా వంపులను లోపలికి లాగించండి. పసుపును నీళ్లు తక్కువగా కలిపి రాసి, పూర్తిగా ఆరాకే కార్డును కవరులో పెట్టండి.